నల్లటి పొడి మాగ్నటైటేనా? అయస్కాంత నానోకణాల తయారీ, నిర్ధారణ

ఇనుప లవణాల ద్రావణంలో అమ్మోనియా పోసిన కొద్ది క్షణాల్లోనే నారింజ రంగు నీరు నల్లగా మారిపోతుంది. బీకరు పక్కన అయస్కాంతం పెడితే ఆ నలుపంతా గాజు గోడవైపు చేరుతుంది. మాగ్నటైట్ (Fe₃O₄ అనే అయస్కాంత ఐరన్ ఆక్సైడ్) నానోకణాలను ఎం.ఎస్సీ. ప్రాజెక్టుగా తీసుకున్న విద్యార్థికి ఇది ఎంతో ఉత్సాహాన్నిచ్చే ఘట్టం. అయితే అయస్కాంతానికి అంటుకునే ముదురు రంగు పొడులన్నీ మాగ్నటైట్ కావు, నానో అని పేరు పెట్టినంత మాత్రాన కణాలన్నీ ఒకే పరిమాణంలో ఉండవు. తయారీకి ఒక పూట సరిపోతుంది. తయారైన పదార్థం ఏమిటి, కణాలు ఎంతెంత ఉన్నాయి, కొలిచిన అయస్కాంత గుణం నిజంగా వాటిదేనా అన్న మూడు ప్రశ్నలకు నమ్మదగిన జవాబులు రాబట్టడానికే మిగతా సెమిస్టరంతా పడుతుంది. అందువల్ల ఈ వ్యాసంలో తయారీ విధానాన్ని పూర్తిగా చెబుతూనే, నిర్ధారణకు ఎక్కువ చోటు ఇస్తున్నాను. పీజీ స్థాయి రసాయన ప్రయోగశాల, ఫ్యూమ్ హుడ్, పర్యవేక్షించే గైడ్ ఉన్నవారి కోసమే ఇది రాస్తున్నాను. ఇంట్లో చేసే ప్రయోగం కాదు.

ఏ పద్ధతిని ఎంచుకోవాలి

మాగ్నటైట్ నానోకణాల తయారీకి రెండు ప్రధాన మార్గాలున్నాయి. మొదటిది సహావక్షేపణ పద్ధతి. ఫెర్రిక్ (Fe³⁺), ఫెర్రస్ (Fe²⁺) లవణాలను 2:1 నిష్పత్తిలో నీటిలో కరిగించి, క్షారం కలిపి మాగ్నటైట్‌ను నేరుగా అవక్షేపంగా పొందడం ఇందులోని సూత్రం. ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త రెనే మసార్ 1981లో ప్రచురించిన పత్రం తర్వాత నీటి ఆధారిత అయస్కాంత ద్రవాల తయారీకి ఇది ప్రామాణిక పద్ధతిగా స్థిరపడింది. రెండవది ఉష్ణ విఘటన పద్ధతి. ఐరన్ ఓలియేట్ వంటి సమ్మేళనాన్ని అధిక మరుగు స్థానమున్న కర్బన ద్రావణిలో దాదాపు 320 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేసి కణాలను పెంచుతారు. దక్షిణ కొరియాలోని సోల్ జాతీయ విశ్వవిద్యాలయ బృందం 2004లో ఈ మార్గంలో ఒకే విడతలో 40 గ్రాముల ఏకపరిమాణ కణాలను తయారుచేసి చూపినప్పుడు, నానోకణాలంటే మిల్లీగ్రాముల్లోనే దొరుకుతాయన్న అభిప్రాయం మారింది.

కణాల పరిమాణంలో ఏకరూపత కావాలంటే రెండవ పద్ధతికి సాటి లేదు. కానీ అంత వేడిలో నైట్రోజన్ వాతావరణంలో గంటల తరబడి పనిచేసే ఏర్పాటు మన కళాశాలల్లో తక్కువ. పైగా అందులో వచ్చే కణాలు నూనెలో కలుస్తాయి తప్ప నీటిలో కలవవు. మొదటి ప్రాజెక్టుకు సహావక్షేపణే తగినది. కణాలు ఐదు నుంచి పదిహేను నానోమీటర్ల మధ్య కొంత చెదురుగా వస్తాయన్న సంగతిని ముందే అంగీకరించి, ఆ చెదురును దాచకుండా కొలిచి చెప్పడం మేలు.

తూకాలు, లెక్కలు

రెండు ఫెర్రిక్ అయాన్లు, ఒక ఫెర్రస్ అయాన్, ఎనిమిది హైడ్రాక్సైడ్ అయాన్లు కలిసి ఒక మాగ్నటైట్ అణువును, నాలుగు నీటి అణువులను ఇస్తాయి. చిన్న విడతకు ఫెర్రిక్ క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ 2.70 గ్రాములు, అంటే 10 మిల్లీమోల్‌లు తీసుకోండి. ఫెర్రస్ క్లోరైడ్ టెట్రాహైడ్రేట్ 0.99 గ్రాములు, అంటే 5 మిల్లీమోల్‌లు అవసరం. నష్టం లేకుండా వస్తే 1.16 గ్రాముల మాగ్నటైట్ దిగుబడి కావాలి. పొడి బరువు అంతకు మించి వచ్చిందంటే అందులో నీరో, మిగిలిపోయిన లవణమో ఉన్నట్లే.

ఫెర్రస్ లవణం విషయంలో అత్యంత జాగ్రత్త అవసరం. పాత సీసాలోని ఫెర్రస్ క్లోరైడ్ గాలి తగిలి ఎంతో కొంత ఫెర్రిక్‌గా మారి ఉంటుంది. స్ఫటికాలు లేత ఆకుపచ్చగా ఉంటే వాడవచ్చు; పసుపు, గోధుమ రంగు పొర కనిపిస్తే పక్కన పెట్టాలి. అటువంటప్పుడు గాలిలో ఎక్కువ స్థిరంగా ఉండే మోర్ లవణాన్ని (ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్) 1.96 గ్రాములు తీసుకుంటే అదే 5 మిల్లీమోల్‌ల ఫెర్రస్ లభిస్తుంది, కాకపోతే సల్ఫేట్ అయాన్లు పోవడానికి కడగడం కొంచెం ఎక్కువ చేయాలి. ఫెర్రిక్ క్లోరైడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి, ముఖ్యంగా వర్షాకాలంలో, తూకం త్వరగా ముగించి సీసా మూత వెంటనే బిగించాలి.

క్షారంగా 25 శాతం అమ్మోనియా ద్రావణం వాడతాం. లెక్క ప్రకారం దాదాపు 3 మిల్లీలీటర్లు చాలు. కానీ వేడికి కొంత ఆవిరైపోతుంది, పీహెచ్ విలువ 10 దాటి నిలవాలి. అందువల్ల 10 మిల్లీలీటర్లు సిద్ధం చేసుకోండి. అమ్మోనియా ఆవిరి కళ్లకు, ఊపిరితిత్తులకు హానికరం. ఫెర్రిక్ క్లోరైడ్ చర్మాన్ని, లోహాన్ని తినేస్తుంది. కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా, ఫ్యూమ్ హుడ్ బయట ఈ పనిని మొదలుపెట్టకూడదు.

అవక్షేపణ

ముందుగా 100 మిల్లీలీటర్ల స్వేదనజలాన్ని మరిగించి, నైట్రోజన్ బుడగలు పంపుతూ చల్లార్చండి. నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్ ఫెర్రస్ అయాన్లను ఫెర్రిక్‌గా మారుస్తుంది, దాంతో 2:1 నిష్పత్తి మనకు తెలియకుండానే చెడిపోతుంది. మూడు మెడల ఫ్లాస్కులో ఆ నీరు పోసి, నైట్రోజన్ ఆపకుండానే, మొదట ఫెర్రిక్ లవణాన్ని, అది కరిగాక ఫెర్రస్ లవణాన్ని వేయండి. ద్రావణం మసకగా ఉంటే రెండు మూడు చుక్కల హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపితే తేటపడుతుంది. కలపడానికి మాగ్నటిక్ స్టిరర్ కాక, పైనుంచి తిరిగే టెఫ్లాన్ కాడ ఉన్న మెకానికల్ స్టిరర్ వాడడం మంచిది. మాగ్నటిక్ స్టిరర్ కడ్డీకి పుట్టిన కణాలు పుట్టినట్టే అంటుకుని, దిగుబడిలో కొంత భాగం ఆ కడ్డీపైనే మిగిలిపోతుంది.

ద్రావణాన్ని 70 నుంచి 80 డిగ్రీలకు తెచ్చి, వేగంగా కలుపుతూ, అమ్మోనియాను ఒక్కసారిగా పోయండి. చుక్కచుక్కగా వేయడమే జాగ్రత్త అని చాలామంది భావిస్తారు. ఇక్కడ అది సరికాదు. ఫెర్రిక్ అయాన్లు పీహెచ్ 3 దాటకముందే హైడ్రాక్సైడ్‌గా పడిపోవడం మొదలుపెడతాయి, ఫెర్రస్ అయాన్లు పీహెచ్ 7 దాటితే గాని కదలవు. నెమ్మదిగా క్షారం కలిపితే పీహెచ్ మధ్య విలువల దగ్గర ఎక్కువసేపు ఆగుతుంది, అప్పుడు గోథైట్ వంటి అయస్కాంత బలం లేని పదార్థం విడిగా ఏర్పడే అవకాశం ఉంటుంది. ఒక్కసారిగా పోసినప్పుడు రెండు అయాన్లూ కలిసి పడతాయి; ఒకేసారి అసంఖ్యాకమైన కేంద్రకాలు పుడతాయి కాబట్టి కణాలు చిన్నవిగా కూడా ఉంటాయి. నలుపు వచ్చాక మరో అరగంట నుంచి గంట వరకు అదే వేడిలో కలుపుతూ ఉంచితే స్ఫటికాలు మెరుగుపడతాయి. ఈ దశలో గోధుమ రంగు ఛాయ కనిపిస్తే నైట్రోజన్ సరఫరా ఎక్కడో తెగిందని అర్థం.

కడగడం, పూత, ఆరబెట్టడం

ఫ్లాస్కు చల్లారాక బయటి నుంచి బలమైన నియోడిమియం అయస్కాంతం ఆనించి, కణాలు గోడకు చేరాక పైతేటను వంచేయండి. ఆక్సిజన్ తొలగించిన నీటితో మళ్లీ కలిపి, మళ్లీ వంచండి. పైతేటలో ఒక చుక్క సిల్వర్ నైట్రేట్ వేస్తే తెల్లటి మసక రావడం ఆగేదాకా ఇలా చేయాలి. ఈ పరీక్షకు ముందు ఆ కొద్ది నీటిని విలీన నైట్రిక్ ఆమ్లంతో ఆమ్లీకరించడం మరవకూడదు. అమ్మోనియా మిగిలి ఉంటే సిల్వర్ క్లోరైడ్ అందులో కరిగిపోయి, క్లోరైడ్ లేదన్న తప్పు అభిప్రాయం కలుగుతుంది. నీరు తటస్థ పీహెచ్‌కు చేరేసరికి కణాలు గుంపులు కట్టి త్వరగా అడుగుకు చేరడం గమనిస్తారు. మాగ్నటైట్ ఉపరితలంపై విద్యుదావేశం దాదాపు ఆ పీహెచ్ దగ్గరే సున్నా అవుతుంది. ఒకదాన్నొకటి నెట్టుకునే బలం పోయి కణాలు అతుక్కుంటాయి.

ఆ అతుక్కోవడాన్ని నివారించడానికే పూత. నీటిలో నిలవాలంటే సిట్రిక్ ఆమ్లం, నూనెలో నిలవాలంటే ఓలియిక్ ఆమ్లం సాధారణంగా వాడతారు. ఎంత వేయాలో ఊహతో కాక లెక్కతో నిర్ణయించవచ్చు. మాగ్నటైట్ సాంద్రత ఘనసెంటీమీటరుకు 5.18 గ్రాములు, 10 నానోమీటర్ల వ్యాసమున్న గోళాకార కణాలైతే ఒక్క గ్రాముకు దాదాపు 116 చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది. ఒక ఓలియిక్ ఆమ్ల అణువు సుమారు 0.3 చదరపు నానోమీటర్ల చోటు తీసుకుంటుందనుకుంటే, మన 1.16 గ్రాముల విడతకు ఒకే పొర పూత వేయడానికి దాదాపు 0.2 గ్రాములు చాలు. కొంత అదనంగా వేయడం సహజమే గాని, మోతాదు మరీ మించితే రెండో పొర ఏర్పడి కణాల ప్రవర్తన మారిపోతుంది.

విడతలో సగానికి మాత్రమే పూత వేసి, మిగతా సగాన్ని పూత లేకుండా ఉంచండి. తర్వాతి పరీక్షల్లో కొన్ని పూత లేని పొడి మీదే చేయాలి. ఆరబెట్టడానికి వాక్యూమ్ ఓవెన్‌లో 50, 60 డిగ్రీలు చాలు. మామూలు ఓవెన్‌లో 100 డిగ్రీలకు పైన రాత్రంతా ఉంచితే నల్లటి పొడి గోధుమ రంగుకు తిరిగి, మాగ్నటైట్ కాస్తా, ఇనుమంతా ఫెర్రిక్‌గానే ఉండే మాగ్హెమైట్ అనే ఆక్సైడ్ అవుతుంది. ఆరిన పొడిని నూరేటప్పుడు మాస్కు తప్పనిసరి. ఇంత సన్నని ధూళి గాలిలో ఎక్కువసేపు తేలుతుంది.

ఎక్స్‌రే వివర్తనం చెప్పేది, చెప్పలేనిది

రాగి కె-ఆల్ఫా ఎక్స్‌రేలతో తీసిన చిత్రంలో 30.1, 35.4, 43.1, 53.4, 56.9, 62.5 డిగ్రీల దగ్గర శిఖరాలు కనిపించాలి. వీటిలో 35.4 దగ్గరి శిఖరం అన్నింటికంటే ఎత్తైనది. 33.2 డిగ్రీల దగ్గర ఏదైనా కనిపిస్తే హెమటైట్ అనే మరో ఐరన్ ఆక్సైడ్‌ను, 21.2 దగ్గర కనిపిస్తే గోథైట్‌ను అనుమానించాలి. రాగి ఎక్స్‌రేలు పడినప్పుడు ఇనుము తానే ఎక్స్‌రేలను వెదజల్లి నేపథ్యాన్ని పెంచుతుంది. చిన్న శిఖరాలు అందులో మునిగిపోతాయి. పరికరంలో మోనోక్రోమేటర్ గాని, కోబాల్ట్ ట్యూబు గాని ఉందేమో ముందే అడిగి తెలుసుకోండి. ఏదీ లేకపోతే స్కాన్ వేగాన్ని బాగా తగ్గించమని కోరండి.

శిఖరం వెడల్పు నుంచి స్ఫటిక పరిమాణాన్ని షెరర్ సూత్రంతో లెక్కిస్తాం: 0.9ను ఎక్స్‌రే తరంగదైర్ఘ్యంతో గుణించి, దాన్ని రేడియన్లలో ఉన్న అర్ధఎత్తు వెడల్పు, సగం కోణపు కొసైన్ అనే రెండింటి లబ్ధంతో భాగించాలి. ఉదాహరణకు 35.4 డిగ్రీల శిఖరం వెడల్పు, పరికరం వల్ల వచ్చే వెడల్పును తీసివేశాక, 0.8 డిగ్రీలు ఉందనుకోండి. అది 0.01396 రేడియన్లు. తరంగదైర్ఘ్యం 0.15406 నానోమీటర్లు, 17.7 డిగ్రీల కొసైన్ 0.953, పరిమాణం 10.4 నానోమీటర్లు వస్తుంది. ఇందులో దశాంశం తర్వాతి అంకెకు పెద్ద విలువ లేదు. డిగ్రీలను రేడియన్లుగా మార్చకపోవడం, పూర్తి కోణాన్ని సగం చేయకపోవడం, పరికరపు వెడల్పును సిలికాన్ వంటి ప్రామాణిక నమూనాతో సరిచూడకపోవడం ప్రాజెక్టు నివేదికల్లో తరచుగా కనిపించే లోపాలు.

ఇక ముఖ్యమైన విషయం. మాగ్నటైట్, మాగ్హెమైట్ రెండింటిదీ స్పైనెల్ అనే ఒకే రకం స్ఫటిక నిర్మాణమే. మాగ్నటైట్ ఘనకోష్ఠిక అంచు 8.396 ఆంగ్‌స్ట్రాములు, మాగ్హెమైట్‌ది దాదాపు 8.35. ఈ తేడా వల్ల చివరి పెద్ద శిఖరం మాగ్నటైట్‌లో 62.5 దగ్గర, మాగ్హెమైట్‌లో 62.9 దగ్గర వస్తుంది. అయితే 10 నానోమీటర్ల కణాల్లో ఆ శిఖరం వెడల్పే 0.9 డిగ్రీలు ఉంటుంది. రెండు శిఖరాల మధ్య దూరం ఒక్క శిఖరపు వెడల్పులో సగం కూడా లేనప్పుడు, పటం ప్రామాణిక కార్డుతో సరిపోలింది కాబట్టి మా పదార్థం శుద్ధ మాగ్నటైట్ అని రాయడం నిలబడదు. నానో మాగ్నటైట్‌పై వెలువడే ప్రకటనల్లో నేను మొదట వెతికేది ఈ ఒక్క అంశాన్నే.

బ్యూరెట్ ఇచ్చే జవాబు

దీనికి ప్రసిద్ధమైన పరిష్కారం మాస్‌బవర్ స్పెక్ట్రోస్కోపీ. అందులో మాగ్నటైట్ రెండు వేర్వేరు ఆరు గీతల సముదాయాలను, మాగ్హెమైట్ దాదాపు ఒకే సముదాయాన్ని ఇస్తుంది. అయితే కణాలు బాగా చిన్నవైతే గది ఉష్ణోగ్రత వద్ద ఆ ఆరు గీతలూ కుంచించుకుపోయి రెండు గీతలుగా కనిపిస్తాయి. అప్పుడు నమూనాను చల్లబరచి కొలవాలి. ఈ సదుపాయం దేశంలో కొద్దిచోట్లే ఉంది.

బీఎస్సీలో నేర్చుకున్న డైక్రోమేట్ అంశమాపనం ఇక్కడ గొప్పగా ఉపయోగపడుతుంది, దీన్ని పట్టించుకోకపోవడం నాకు బాధ కలిగించే విషయం. మాగ్నటైట్‌లోని ఇనుములో మూడింట ఒక వంతు ఫెర్రస్. మాగ్హెమైట్‌లో ఫెర్రస్ అసలే ఉండదు. పూత లేని పొడిని కచ్చితంగా 0.200 గ్రాములు తూచి, నైట్రోజన్ పంపుతూ గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కొద్దిగా వేడిచేసి కరిగించండి. చల్లార్చి పలుచన చేసి, ఫాస్ఫారిక్ ఆమ్లం, డైఫినైలమైన్ సల్ఫోనేట్ సూచిక కలిపి, 0.01 మోలార్ పొటాషియం డైక్రోమేట్‌తో అంశమాపనం చేయండి. ఒక్కో డైక్రోమేట్ అయాను ఆరు ఫెర్రస్ అయాన్లను ఆక్సీకరిస్తుంది. పొడి పూర్తిగా మాగ్నటైట్ అయితే బ్యూరెట్ 14.4 మిల్లీలీటర్లు చూపాలి. 10 మిల్లీలీటర్లకే ఊదారంగు నిలిచిపోయిందంటే ఫెర్రస్‌లో దాదాపు మూడో వంతు అప్పటికే ఆక్సీకరణం చెందింది, లేదా పొడిలో నీరో మరొకటో కలిసి ఉంది. ఈ రెండింటిలో ఏదో తేల్చడానికి మొత్తం ఇనుమును కూడా కొలవాలి: మరో భాగాన్ని కరిగించి, స్టానస్ క్లోరైడ్‌తో ఫెర్రిక్ అంతటినీ ఫెర్రస్‌గా మార్చి, మళ్లీ అంశమాపనం చేస్తే నిష్పత్తి నేరుగా వస్తుంది. డైక్రోమేట్ విషపూరితం, క్యాన్సర్ కారకం. దాని వ్యర్థాన్ని సింకులో పోయకుండా విడిగా భద్రపరచాలి.

గాలి తగిలిన 10 నానోమీటర్ల పొడిలో నిష్పత్తి సరిగ్గా మూడింట ఒకటి రావడం అరుదు. తక్కువ వస్తే సిగ్గుపడవలసినది ఏమీ లేదు. ఉపరితలం ఆక్సీకరణం చెందిన మాగ్నటైట్ అని, ఫెర్రస్ శాతంతో సహా రాయండి. శుద్ధ మాగ్నటైట్ అన్న రుజువులేని మాట కంటే అది ఎంతో విలువైనది.

పరిమాణానికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు

ట్రాన్స్‌మిషన్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు చిత్రాల్లో కనీసం రెండు మూడు వందల కణాల వ్యాసాలు కొలిచి, సగటుతో పాటు విస్తరణను కూడా ఇవ్వాలి. అందంగా వచ్చిన ఒక్క చిత్రం సరిపోదు. షెరర్ పరిమాణం, మైక్రోస్కోపు పరిమాణం కొంత తేడాగా రావడం సహజం: ఎక్స్‌రే లెక్కలో పెద్ద కణాల ప్రభావం ఎక్కువ, మైక్రోస్కోపు లెక్కలో ప్రతి కణానికీ సమాన స్థానం. ద్రవంలో కాంతి పరిక్షేపణతో కొలిచే పరిమాణం పూతను, నీటి పొరను, గుంపులను కూడా కలుపుకుంటుంది కాబట్టి ఇంకా పెద్దది వస్తుంది. ఈ మూడూ వేర్వేరు రాశులు. ఒకే పట్టికలో ఒకే శీర్షిక కింద పెట్టకూడదు.

అయస్కాంత కొలత

వైబ్రేటింగ్ శాంపుల్ మాగ్నటోమీటర్‌లో పొడిని పెట్టే ముందు దాన్ని మైనంతోనో టెఫ్లాన్ టేపుతోనో కదలకుండా బిగించాలి; వదులుగా ఉంటే క్షేత్రంలో రేణువులు తిరిగి వక్రరేఖ తప్పుగా వస్తుంది. పరికరాన్ని ఆ రోజు నికెల్ ప్రామాణిక నమూనాతో సరిచూశారా అని అడగండి. గది ఉష్ణోగ్రత వద్ద నికెల్ సంతృప్త అయస్కాంతీకరణ, అంటే క్షేత్రాన్ని ఎంత పెంచినా ఇక పెరగని గరిష్ఠ విలువ, గ్రాముకు సుమారు 55 ఈఎంయూ (అయస్కాంత భ్రామకపు ప్రమాణం). పెద్ద మాగ్నటైట్ స్ఫటికానికి ఈ విలువ దాదాపు 92. నానోకణాల్లో 50 నుంచి 70 మధ్య రావడం మామూలే, ఎందుకంటే ఉపరితలం మీది పరమాణువుల అయస్కాంత భ్రమణాలు (స్పిన్‌లు) క్రమం తప్పి ఉంటాయి, కొంత మాగ్హెమైట్ కూడా కలిసి ఉంటుంది. 92కు మించిన సంఖ్య వస్తే సంతోషించడం కాదు, తూకాన్ని, కాలిబ్రేషన్‌ను తిరిగి చూడాలి.

పూత ఉన్న నమూనాలో ఒక గ్రాము పొడి అంటే ఒక గ్రాము ఐరన్ ఆక్సైడ్ కాదు. పూత బరువెంతో ఉష్ణ భార విశ్లేషణతో తెలుసుకుని ఆ మేరకు సరిచేయకపోతే, ఓలియిక్ ఆమ్లం అయస్కాంత గుణాన్ని తగ్గించిందన్న నిర్ధారణ వస్తుంది. తగ్గినది చాలావరకు గ్రాములో ఆక్సైడ్ వాటా మాత్రమే.

అయస్కాంత మలినాల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. హాఫ్నియం ఆక్సైడ్ పలుచటి పొరల్లో ఊహించని అయస్కాంతత్వం ఉందని 2004లో ప్రముఖ పత్రికలో ఒక ప్రకటన వెలువడి చాలా ఆసక్తి రేకెత్తించింది. 2005లో మరో బృందం అదే పదార్థాన్ని జాగ్రత్తగా పరీక్షించి, శుద్ధమైన పొరల్లో అటువంటి సంకేతం లేదని, స్టెయిన్‌లెస్ స్టీలు పట్టకారుతో పట్టుకున్న నమూనాల్లో మాత్రం సంకేతం కనిపిస్తోందని చూపింది. స్టీలు నుంచి రాలిన కంటికి కనిపించని ఇనుపరజను అందుకు చాలు. మన మాగ్నటైట్ బలమైన పదార్థం కాబట్టి అంత సూక్ష్మ మలినం దాని సంకేతాన్ని మార్చలేదు. కానీ అదే బల్ల మీద రేపు జింక్ ఆక్సైడ్ తయారుచేసే విద్యార్థి కొలతను మన పొడి పాడుచేస్తుంది. ప్లాస్టిక్ పట్టకార్లు, ప్లాస్టిక్ గరిటెలు వాడండి. మాగ్నటైట్‌కు వాడిన గాజుసామాను విడిగా గుర్తుపెట్టి ఉంచండి. ఖాళీ నమూనాపాత్రను ప్రతిసారీ ముందుగా కొలిచి, ఆ విలువను తీసివేయండి.

సూపర్‌పారామాగ్నటిజం అన్న మాట ఎప్పుడు రాయాలి

కణం చిన్నదైనకొద్దీ దాని అయస్కాంత దిశను పట్టి ఉంచే శక్తి తగ్గుతుంది. ఒక హద్దు దాటాక గది వేడికే ఆ దిశ అటూ ఇటూ తిరుగుతుంది. ఈ స్థితినే సూపర్‌పారామాగ్నటిజం అంటారు. ఫ్రెంచ్ భౌతిక శాస్త్రవేత్త లూయీ నెయెల్ 1949లో దీన్ని వివరించారు. అయస్కాంతత్వంపై ఆయన కృషికి 1970లో నోబెల్ బహుమతి లభించింది. కొలతకు వంద సెకన్లు పడుతుందనుకుంటే, కణం ఘనపరిమాణాన్ని అనైసోట్రోపీ స్థిరాంకంతో (దిశను పట్టి ఉంచే శక్తి ఒక్కో ఘనమీటరుకు ఎంతో చెప్పే సంఖ్య) గుణిస్తే వచ్చే శక్తి, ఉష్ణశక్తికి దాదాపు 25 రెట్లు ఉన్నచోట హద్దు ఏర్పడుతుంది. మాగ్నటైట్ స్థిరాంకాన్ని ఘనమీటరుకు 13,500 జౌళ్లుగా తీసుకుంటే, 300 కెల్విన్ వద్ద ఆ హద్దు 25 నానోమీటర్ల దగ్గర వస్తుంది. అదే లెక్కలో 10 నానోమీటర్ల కణం దాదాపు 20 కెల్విన్ వరకు చల్లబరిస్తే గాని స్థిరపడదు. నిజ నమూనాల్లో ఈ ఉష్ణోగ్రత అంతకంటే చాలా ఎక్కువగా వస్తుంది. ఉపరితల ప్రభావం, కణాల మధ్య పరస్పర ఆకర్షణ ఇందుకు కారణాలు.

గది ఉష్ణోగ్రత వక్రరేఖలో కోయెర్సివిటీ (అయస్కాంతీకరణను సున్నాకు తేవడానికి కావలసిన వ్యతిరేక క్షేత్రం) దాదాపు సున్నా ఉందన్నది మొదటి ఆధారం మాత్రమే. విద్యుదయస్కాంతంలో మిగిలి ఉండే క్షేత్రమే కొన్ని పదుల ఓయర్‌స్టెడ్‌లు (క్షేత్ర బలానికి ప్రమాణం) ఉండవచ్చు కాబట్టి, కోయెర్సివిటీ 12 ఓయర్‌స్టెడ్‌లు అని రాసిన సంఖ్యకు పరికరాన్ని బట్టి అర్థం ఉండకపోవచ్చు. క్షేత్రం లేకుండా చల్లబరచి ఒకసారి, క్షేత్రంలో చల్లబరచి మరోసారి ఉష్ణోగ్రతతో పాటు అయస్కాంతీకరణను కొలిచి, రెండు రేఖలు ఎక్కడ విడిపోతున్నాయో చూపినప్పుడే ఆ మాట పూర్తిగా నిలుస్తుంది.

ఇతర బృందాల ఫలితాలతో పోల్చేటప్పుడు

అమెరికాలోని హ్యూస్టన్‌లో ఉన్న రైస్ విశ్వవిద్యాలయ బృందం 2006లో, దాదాపు 12 నానోమీటర్ల మాగ్నటైట్ కణాలను నీటిలోంచి చాలా తక్కువ అయస్కాంత క్షేత్రంతోనే వేరుచేయవచ్చని, వాటితో పాటు ఆర్సెనిక్‌ను కూడా తొలగించవచ్చని చూపింది. అంత చిన్న కణాలకు చాలా బలమైన క్షేత్రం కావాలన్న అప్పటి అంచనాను అది మార్చింది. మీ కణాలు కూడా 12 నానోమీటర్లే కాబట్టి అలాగే పనిచేస్తాయని తీసుకోకండి. వారివి ఉష్ణ విఘటనతో వచ్చిన ఏకపరిమాణ కణాలు. సహావక్షేపణలో వచ్చే చెదురు పరిమాణాలు, గుంపులు వేరుగా ప్రవర్తిస్తాయి. అదేవిధంగా, క్యాన్సర్ చికిత్స కోసం కణాలను వేడెక్కించే ప్రయోగాల్లో గ్రాముకు ఇన్ని వాట్లు అన్న సంఖ్య చూసినప్పుడు క్షేత్ర బలం, పౌనఃపున్యం పక్కనే ఉన్నాయేమో చూడండి. అవి లేని సంఖ్యను దేనితోనూ పోల్చలేం.

కొలతలు ఎక్కడ చేయించాలి

ఉస్మానియా, ఆంధ్ర విశ్వవిద్యాలయాల భౌతిక శాస్త్ర విభాగాల్లో ఫెర్రైట్‌లపై పరిశోధన దశాబ్దాలుగా సాగుతోంది; హైదరాబాద్‌లో కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఐఐటీ, పౌడర్ మెటలర్జీ పరిశోధన కేంద్రం ఉన్నాయి. దేశవ్యాప్త పరికరాల వివరాలు ఐ-స్టెమ్ పోర్టల్‌లో చూసి సమయం కేటాయించుకోవచ్చు. తక్కువ ఉష్ణోగ్రతల అయస్కాంత కొలతలకు, మాస్‌బవర్‌కు ఇందోర్‌లోని యూజీసీ-డీఏఈ సంయుక్త పరిశోధన కేంద్రం విశ్వవిద్యాలయ పరిశోధకుల నుంచి ప్రతిపాదనలు స్వీకరిస్తుంది. దరఖాస్తు మీ గైడ్ ద్వారా వెళ్లాలి. ఎక్కడైనా వరుస రావడానికి వారాలు పడుతుంది కాబట్టి, సెమిస్టర్ మొదట్లోనే దరఖాస్తు పెట్టి, వరుస దగ్గరపడినప్పుడు నమూనా తయారుచేయండి. ముందే చేసిన పొడి ఎదురుచూపుల్లోనే ఆక్సీకరణం చెందుతుంది.

నమూనాను నైట్రోజన్ నింపిన గాజు సీసాలో సీలు వేసి పంపండి. సీసాపై తయారీ తేదీ, పూత ఉందో లేదో, ఆరబెట్టిన ఉష్ణోగ్రత రాయండి. అదే విడతలోంచి కొంత భాగాన్ని మీ దగ్గరే ఉంచుకుని, కొలత జరిగిన వారంలోనే డైక్రోమేట్ అంశమాపనాన్ని మరోసారి చేయండి. మాగ్నటోమీటర్ ఇచ్చిన సంఖ్య పక్కన, ఆ వారం పొడిలో ఎంత ఫెర్రస్ మిగిలి ఉందో కూడా నివేదికలో రాయండి.